గూగుల్ ఎర్త్ ప్రోలో గండికోట లోయ కరిగిన మైనంలా కనిపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
డెస్క్‌టాప్ వెర్షన్‌లో 14.815, 78.285 అని వెతికి, పెన్నా లోయ మీదికి దిగి వ్యూ వంచితే నిటారు రాతిగోడల బదులు జారుడుబల్ల లాంటి వాలు వస్తోంది. గోడ మీది ఫొటో కూడా సాగదీసినట్టుంది. గ్రాండ్ కెన్యన్ మాత్రం చక్కగా కనిపిస్తోంది. సెట్టింగ్ తప్పా, గ్రాఫిక్స్ కార్డా? లోయ లోతు కొలవడం కుదురుతుందా?

జవాబు 1:
కార్డు తప్పేం లేదండీ. లేయర్స్‌లో అట్టడుగున టెర్రైన్‌కి (నేల ఎత్తుపల్లాలు చూపించేది) టిక్ ఉందేమో చూడండి. తర్వాత టూల్స్, ఆప్షన్స్, 3డి వ్యూ ట్యాబ్‌లో టెర్రైన్ క్వాలిటీ పెంచండి. అక్కడే ఎలివేషన్ ఎగ్జాజరేషన్, అంటే ఎత్తుల్ని ఎన్ని రెట్లు పెంచి చూపాలన్నది, 1 ఉంటుంది, 3 దాకా పోతుంది. 1.5 చాలు. 3 పెడితే ఎర్రమల కొండలు హిమాలయాలైపోతాయి.

జవాబు 2:
అదంతా చేసినా గోడలు నిటారు కావు. అసలు చిక్కు ఎత్తుల డేటాలో ఉంది. ఇలాంటి చోట్ల ఆధారం ఎక్కువగా 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన కొలతలే. దాదాపు 30 మీటర్లకొక ఎత్తు ఉంటుంది. లోయ ఇరుకైన చోట వెడల్పు వంద మీటర్ల దగ్గర. అంటే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మూడు నాలుగు చుక్కలే. వాటిని గీతలతో కలిపితే గోడ వాలుగా మారక ఏమవుతుంది? పైనుంచి తీసిన ఫొటోని ఆ వాలు మీద పరుస్తారు కాబట్టి సాగుతుంది. గ్రాండ్ కెన్యన్ కిలోమీటర్ల వెడల్పు, పైగా అమెరికాకి ఇంతకంటే మెరుగైన ఎత్తుల డేటా ఉంది.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది. మరి లోతు?

జవాబు 3:
యాడ్ పాత్ నొక్కి, లోయకి అడ్డంగా గీత గీయండి. గట్టు అంచు దగ్గర మొదలుపెట్టకండి, అక్కడ ఎత్తు అప్పటికే జారిపోయి ఉంటుంది. రెండు వైపులా 150 మీటర్లు వెనక్కి, చదును నేల మీద క్లిక్ చేయండి. ఆల్టిట్యూడ్ ట్యాబ్‌లో క్లాంప్డ్ టు గ్రౌండ్ (గీత నేలకి అంటుకుని ఉండేలా) ఉండాలి. ఓకే కొట్టి, ప్లేసెస్‌లో ఆ పాత్ మీద రైట్ క్లిక్, షో ఎలివేషన్ ప్రొఫైల్ నొక్కితే గీత పొడవునా ఎత్తుల గ్రాఫ్ వస్తుంది. పైనున్న చదునుకీ, అడుగునున్న అంకెకీ తేడా చూడండి. ఆ అడుగు నది అడుగు కాదు, రాడార్ నీళ్లలోకి చూడదు. వచ్చే లోతు అసలు కంటే తక్కువే అనుకోండి. ఇరుకు చోట కాకుండా లోయ కాస్త వెడల్పైన మలుపు దగ్గర గీస్తే తప్పు తగ్గుతుంది.