నగర బడ్జెట్ నుంచి స్వచ్ఛంద సంస్థకు గ్రాంటు: కాగితం ఎవరి బల్ల మీద పెట్టాలి?

విశాఖ ఆరిలోవలో ఒంటరిగా ఉండే వృద్ధులు 40 మందికి రోజూ మధ్యాహ్న భోజనం పెడుతున్నాం. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను మినహాయింపులకు 12ఏ, 80జీ గుర్తింపులు, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ దర్పణ్‌లో ఐడీ, మూడేళ్ల ఆడిట్ లెక్కలు అన్నీ ఉన్నాయి.

జూన్‌లో ఈ భోజనాలకు గ్రాంటు కోరుతూ ఒక ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. "ఇది మా సెక్షన్ కాదు" అని ఇంకోచోటికి పంపారు. అక్కడేమో "దీనికి పద్దు లేదు" అన్నారు. ఆగస్టులో సమాచార హక్కు కింద, ఏ సంస్థకు ఏ పద్దులోంచి ఎంత ఇచ్చారని అడిగాం. 29వ రోజున "వివరాలు క్రోడీకరించి లేవు" అని జవాబొచ్చింది. 30 రోజుల గడువు మాత్రం భలే పాటించారు!

నిరాశ్రయుల వసతి గృహాల పథకమూ చూశాం. మావాళ్లకు తలదాచుకోను గది ఉంది, వండుకునే ఓపికే లేదు, కాబట్టి అది వర్తించదు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధుల కోసం సీఎస్ఆర్-1 అనే నమోదు ఫారం నింపాం. కానీ ఆ నిధులు ఒక ప్రాజెక్టు అయ్యేదాకా వచ్చే డబ్బు; మాకేమో బియ్యం, గ్యాసు ప్రతి నెలా కావాలి.

ఇక్కడ ఇలాంటి గ్రాంటు నిజంగా తెచ్చుకున్నవాళ్లు చెప్పండి: వచ్చే ఏప్రిల్ బడ్జెట్‌లో చేరాలంటే ప్రతిపాదన ఏ సెక్షన్‌కి, ఏ నెలలోపు ఇవ్వాలి?