కార్టూన్ అమ్మాయిని గీస్తే అత్తగారు వస్తున్నారు

ప్రశ్న (పాలకొల్లు): మా పాప గది గోడ మీద యానిమేషన్ సినిమాల్లోలాంటి అమ్మాయి ముఖం గీస్తున్నాను. కళ్లు ఎంత పెద్దవి చేసినా, వడ్ల లెక్క అడిగే అత్తగారిలా నన్ను నిలదీస్తోంది. తప్పు ఎక్కడుంది?

జవాబు (అమలాపురం): కళ్లు ఎక్కడ పెట్టారండీ? మామూలు మనిషికి అవి తల ఎత్తులో సుమారు సగం దగ్గర ఉంటాయి. మీరు ఆ గీత కన్నా కాస్త కిందికి దించండి. నుదురు పెరిగి, గడ్డం చిన్నదై వయసు తగ్గుతుంది. ముక్కుకు పక్క గీతలు వద్దు, కొన కింద చిన్న నీడ చాలు. పై రెప్ప మందంగా, కింది రెప్ప సన్నగా ఉండాలి. కనుపాపల్లో తెల్లచుక్కలు రెండూ ఒకే వైపు పెట్టండి. నేను ఒకసారి ఎదురెదురుగా పెట్టి పిల్లకు మెల్లకన్ను తెప్పించాను.

జవాబు (నరసాపురం): 1933లో మా ఊళ్లోనే పుట్టిన బాపు గారి బొమ్మల అలవాటు మీ చేతిలో ఉందేమో! ఆ కోల కళ్ల అందం వేరు. ఇక్కడ గుండ్రంగా తిప్పండి.

పాలకొల్లు: దించాను, తిప్పాను. అత్తగారు వెళ్లిపోయారు. జడ ఎందుకు వేయలేదని పాప అలిగింది.