పాత సాహసాన్ని ఐదో ఎడిషన్‌కు మార్చుకుంటే ఓగర్ తేలిపోయింది, గాబ్లిన్లు చంపేశాయి: లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న

అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు పోషిస్తూ పాచికలతో ఆడే ఆట) మొదటి ఎడిషన్ కాలంలో అచ్చయిన ఒక సాహసాన్ని (ఆడించడానికి సిద్ధంగా రాసిన కథను) ఐదో ఎడిషన్‌లో, అంటే 2014 నియమాలతో, నలుగురు మొదటి లెవెల్ పాత్రలకు ఆడిస్తున్నాను. పాత ఆర్మర్ క్లాస్‌ను (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకెను) 20 లోంచి తీసివేసి, హిట్ డైస్‌ను (ప్రాణబలాన్ని తేల్చే పాచికలను) ఉన్నవి ఉన్నట్టే ఉంచి ఓగర్ అనే భారీ రాక్షసుణ్ణి నేనే మార్చుకున్నాను. గాబ్లిన్లనే చిన్న దుష్ట ప్రాణులకు మాత్రం కొత్త (2014 నాటి) పుస్తకంలోని వివరాలే తీసుకున్నాను. మొదటి రోజు ఆటలో ఓగర్ రెండు రౌండ్లకే కూలిపోగా, పక్క గదిలోని 12 గాబ్లిన్లు నలుగురినీ మట్టి కరిపించాయి. సాహసం రాసినవారి ఉద్దేశంలో ఓగర్ పెద్ద గండం, గాబ్లిన్లు ఒక మోస్తరు చికాకు. ఇంకా 30 గదులు మార్చవలసి ఉంది కనుక, ముందుకు వెళ్లే లోపు నా పొరపాటు ఏమిటో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

సమాధానం

మీ తీసివేతలో తప్పు లేదు. పాత పద్ధతిలో ఆర్మర్ క్లాస్ తగ్గేకొద్దీ రక్షణ పెరుగుతుంది కనుక, 20 లోంచి తీసివేస్తే కొత్త అంకె వస్తుంది. (ఆటకు సరళ రూపమైన బేసిక్ పుస్తకాలలో కవచం లేనివారి అంకె 10 కాక 9 కనుక అక్కడ 19 లోంచి తీసివేయాలి; ఇది చాలామంది మరచిపోతారు.) అయితే పాత ఆటలో మాన్‌స్టర్‌కు బలమిచ్చినది దెబ్బ తగలకపోవడం కాగా, కొత్త ఆటలో దెబ్బలు తరచుగా తగులుతాయి, వాటిని ఓర్చుకునే హిట్ పాయింట్లే (ప్రాణబలపు అంకెలే) బలమిస్తాయి. అంకెను అంకెగా మార్చితే ఈ తేడా చేతికి చిక్కదు.

మీ ఓగర్‌నే చూడండి. పాత పుస్తకంలో దాని ఆర్మర్ క్లాస్ 5, హిట్ డైస్ 4+1, అంటే సగటున 19 హిట్ పాయింట్లు. మీ లెక్కలో అది 15 ఆర్మర్ క్లాస్, 19 హిట్ పాయింట్లు అయింది. మొదటి లెవెల్ పాత్ర +5 తో కొడితే, అంటే పాచిక అంకెకు 5 కలిపితే, 20 ముఖాల పాచిక మీద 10 పడినా దెబ్బ తగులుతుంది. నలుగురు కలిసి కొడితే రౌండుకు సగటున 16 పాయింట్లకు పైగా పోతాయి కనుక రెండో రౌండులో అది పడిపోవడం సహజమే. కొత్త పుస్తకంలోని ఓగర్‌కు ఆర్మర్ క్లాస్ 11 మాత్రమే, కానీ హిట్ పాయింట్లు 59. అది గదతో కొట్టే ఒక్క దెబ్బకు సగటున 13 పాయింట్లు పోతాయి. మొదటి లెవెల్ యోధుడు కూడా ఆ ఒక్క దెబ్బకే నేలకూలవచ్చు. కనుక కొత్త పుస్తకంలో అదే పేరుతో ప్రాణి ఉన్నంతవరకు మీరు లెక్కలు వేయవద్దు. దానినే తెచ్చి పెట్టండి. ఓగర్, గాబ్లిన్ వంటివన్నీ ఉచితంగా దొరికే సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్‌ అనే నియమాల సంగ్రహంలోనే ఉన్నాయి.

గాబ్లిన్ల విషయం ఇంతకంటే ఆసక్తికరమైనది. అక్కడ మీరు కొత్త వివరాలే వాడారు, అయినా దెబ్బతిన్నారు. తప్పు సంఖ్యలో ఉంది. 2014 నియమాలలో పోరాటం ఎంత కష్టమో ప్రాణులు ఇచ్చే అనుభవ పాయింట్లతో కొలుస్తారు: ఒక్కో గాబ్లిన్‌కు 50 చొప్పున 12 కి 600. 11 నుంచి 14 వరకు ఉన్న గుంపుకు 3 తో గుణించాలి కనుక 1,800. నలుగురు మొదటి లెవెల్ పాత్రలకు ప్రాణాంతకమనే హద్దు 400. మూడు గాబ్లిన్లతోనే అది 300 కు చేరి కఠినమైన పోరాటం అవుతుంది.

మరి పాత ఆటలో ఆ 12 గాబ్లిన్లను ఎలా పెట్టారు? ఆ కాలపు సాహసాలను ఆరు నుంచి తొమ్మిది పాత్రలను, వారి వెంట కూలికి వచ్చే మనుషులను దృష్టిలో ఉంచుకొని రాసేవారు. దానికి తోడు మొదటి లెవెల్ మాంత్రికుడి నిద్ర మంత్రం అప్పట్లో ఒక హిట్ డై లోపు ప్రాణులను 4 నుంచి 16 వరకు, సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే పాచిక; క్లుప్తంగా సేవ్) లేకుండా, పడుకోబెట్టేది. అంటే సగటున పది గాబ్లిన్లు ఒక్క మంత్రంతో గురక పెట్టేవి! 2014 నియమాలలో అదే మంత్రం ఐదు 8 ముఖాల పాచికలు వేసి, సగటున 22 హిట్ పాయింట్ల మేరకే పనిచేస్తుంది; ఒక్కో గాబ్లిన్‌కు 7 చొప్పున మూడు పడుకుంటాయి, మిగతా తొమ్మిది మీ మాంత్రికుడి మీదికి వస్తాయి.

నేనైతే 12 ను 12 గానే ఉంచి, వాటిని చెదరగొడతాను. గదిలో మూడు ఉంటాయి, నాలుగు లోపలి గదిలో నిద్రపోతుంటాయి, మిగిలినవి వేటకు వెళ్లి ఉంటాయి. సగం పడిపోగానే 10 కి విజ్‌డమ్ (వివేకం) సేవ్ వేయించి, అంటే పాచికతో కనీసం 10 తెచ్చుకోమని, తప్పినవి పారిపోయేలా చేయండి. 2014 నాటి డంజన్ మాస్టర్ గైడ్‌లో (ఆట నడిపేవారి పుస్తకంలో) ఇది ఐచ్ఛిక నియమంగా ఉంది. పారిపోయిన గాబ్లిన్ ఎవరిని లేపుతుందన్న భయం ఆటగాళ్లకు ఉండనే ఉంటుంది.

మరొక ప్రశ్న (మొదట అడిగినవారే)

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. పెట్టె తాళంలో విషపు సూది ఉంది. విషానికి సేవ్ తప్పితే మరణమే అని రాసి ఉంది. దానిని అలాగే ఉంచవచ్చా? నిధిలోని బంగారం సంగతి కూడా చెప్పండి.

సమాధానం

అలాగే ఉంచవద్దు. పాత్రను తయారుచేయడానికి పది నిమిషాలు పట్టిన రోజులలో ఆ మరణం చెల్లింది. కొత్త పుస్తకంలోని పెద్ద సాలీడును నమూనాగా తీసుకోండి: 11 కి కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) సేవ్, తప్పితే రెండు 8 ముఖాల పాచికల విషనష్టం, ఆ నష్టంతో హిట్ పాయింట్లు సున్నాకు చేరితే ప్రాణం నిలుస్తుంది కానీ ఒక గంటసేపు శరీరం కదలదు. కదలలేని మిత్రుణ్ణి మోసుకుంటూ ఓగర్ ఉన్న చోట గంట గడపడం చావుకంటే మంచి కథ. పాత ఐదు రకాల సేవ్‌లలో విషం కాన్‌స్టిట్యూషన్‌కు, ఊపిరి దాడి డెక్స్‌టెరిటీకి (చురుకుదనానికి) నేరుగా సరిపోతాయి. మిగిలినవాటికి ఆ మంత్రం లేదా ప్రాణి వివరంలో కొత్త పుస్తకం ఏది చెబితే అదే.

బంగారం గురించి జాగ్రత్త అవసరం. పాత ఆటలో బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక అనుభవ పాయింటు వచ్చేది, యోధుడు రెండో లెవెల్‌కు చేరడానికి 2,001 కావలసి వచ్చేది. అందుకే నిధులు అంత పెద్దవి. ఇప్పుడు 300 కే రెండో లెవెల్ వస్తుంది, బంగారానికి పాయింట్లు లేవు. రాసినంత బంగారం ఇస్తే 1,500 నాణేల ప్లేట్ కవచం రెండో వారానికే అందరి ఒంటి మీద ఉంటుంది. బంగారం అని ఉన్నచోట వెండి అని చదువుకోండి, లెవెల్‌ను కథలోని మజిలీలను బట్టి ఇవ్వండి.

మరొక సభ్యుని అభిప్రాయం

పై సలహాలతో ఏకీభవిస్తూనే ఒక్క మాట చేరుస్తున్నాను. పాత ఆటలో విశ్రాంతితో రోజుకు ఒక హిట్ పాయింటు తిరిగి వచ్చేది. ఇప్పుడు ఎనిమిది గంటల నిద్రతో (దీన్నే పెద్ద విశ్రాంతి అంటారు) అన్నీ వస్తాయి. 30 గదుల గుహలో ఆటగాళ్లు మూడు గదులకొకసారి పడుకుంటే ఏ లెక్కా నిలవదు. చిన్న విశ్రాంతికి 8 గంటలు, పెద్ద విశ్రాంతికి 7 రోజులు అనే ఐచ్ఛిక నియమం పెట్టుకోండి.

సమాధానం

సమస్యను సరిగా పట్టుకున్నారు, కానీ వాడేసిన మంత్రాలు పెద్ద విశ్రాంతితోనే తిరిగి వస్తాయి కనుక ఏడు రోజుల నియమం మాంత్రికుడిని ప్రేక్షకుడిగా మార్చేస్తుంది. గుహలో పెద్ద విశ్రాంతి కుదరదు, బయటి శిబిరానికి వెళ్లాలి అని మాత్రమే నేను పెడతాను. వారు తిరిగి వచ్చేసరికి వేటకు వెళ్లిన గాబ్లిన్లు ఐదూ గూటికి చేరి, తలుపుకు అడ్డంగా బల్లలు పేర్చి ఉంటాయి.