తామరాకు మీద నీటిబొట్టు: మనిషి ఆకా, బొట్టా?

"ఆయన తామరాకు మీద నీటిబొట్టులా ఉంటాడు" అంటాం, అంటీముట్టనట్టు అని. కానీ గీత ఐదో అధ్యాయం పదో శ్లోకంలో "పద్మపత్రమివాంభసా" అని ఉంది. అక్కడ మనిషి ఆకు, పాపం నీరు; ఆకుకు నీరు అంటనట్టే అతనికి పాపం అంటదని. మన వాడుకలో మనిషి బొట్టెలా అయ్యాడు?

— భజగోవిందంలో "నలినీదలగత జలమతితరలం" ఉంది కదండీ. అక్కడ బొట్టే జీవితం, క్షణం నిలవనిది. బొమ్మ అక్కడినుంచి, భావం గీతనుంచి వచ్చి కలిశాయని నా అనుమానం. నిఘంటువు ప్రకారం తప్పనొచ్చు గానీ జనం నోట కుదిరిపోయింది.

— అంటనిది ఎవరో ఆకునే అడగొచ్చు. ముదురాకు పైవైపు ఒక బొట్టు వేసి కాస్త వంచండి, గోళీలా దొర్లిపోతుంది. ఒక చోట బొటనవేలితో గట్టిగా రుద్ది అక్కడ మళ్లీ వేయండి, అతుక్కుంటుంది. ఆకుమీద మిల్లీమీటరులో నూరోవంతు సైజు బుడిపెలు, వాటిమీద మైనపు నూగు ఉంటాయి. రుద్దితే అవి నలిగిపోతాయి. ఇక రుద్దని చోట సబ్బునీళ్లు వేయండి. ఆకు మారలేదు, అయినా బొట్టు చదునై పట్టుకుంటుంది, నీటి తలతన్యత, అంటే పైపొర బిగువు, తగ్గింది గనక. అంటకపోవడంలో ఇద్దరికీ వాటా ఉంది మాస్టారూ, గీతా ఒప్పే, వాడుకా ఒప్పే.

— మరి భర్తృహరి "ముక్తాకారతయా" అని ముత్యంతో పోల్చాడే?

— గుండ్రదనం ఒక్కటే కాదు. బొట్టు బుడిపెల కొసలమీదే ఆనుతుంది, కింద గాలి ఉండిపోతుంది. ఆ గాలిపొర దగ్గర వెలుగు తిరిగొచ్చి వెండిలా మెరుస్తుంది. రుద్దిన చోట ఆ మెరుపు పోతుంది.

— జర్మనీలో బార్త్‌లాట్, నైన్‌హుయిస్ అనే వృక్షశాస్త్రజ్ఞులు 1997లో ఈ సంగతి వివరంగా రాశారు. 1999లో గోడరంగు కూడా వచ్చింది, వాన పడితే దుమ్ము బొట్లతో జారిపోయేలా. చూరు కింద వాన తగలని గోడకు దానివల్ల లాభం లేదు. పైగా ఆకు గీరుకుపోతే మైనం మళ్లీ ఊరుతుంది, రంగుకు ఆ వీలు లేదు.

— ఈ పోస్టుకు పెట్టిన ఫోటో కలువాకుదండీ, మార్చండి. అంచునుంచి కాడదాకా చీలిక కనిపిస్తోంది. తామరాకుకు చీలిక ఉండదు, కాడ నడిమధ్యన తగులుతుంది. కలువాకు మీద నీళ్లు ఇలా దొర్లవు. తామర దొరక్కపోతే చేమాకు పెట్టండి, దాని మీద బాగా దొర్లుతాయి.