‘సెడ్’ బదులు ఏం రాయించాలి? నసగడానికి ఇంగ్లీషు మాట ఉందా?

అందరికీ నమస్కారం. మాది కందుకూరు. ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్తాను. కథ రాయమంటే ప్రతి వాక్యంలోనూ ‘సెడ్’ ఒక్కటే రాస్తారు. ‘సే’కీ ‘టెల్’కీ తేడా నేర్పగలిగాను. ‘టెల్’ తర్వాత వినే మనిషి నేరుగా వస్తాడు, ‘సే’ అయితే మధ్యలో ‘టు’ పెట్టాలి. ‘సెడ్ మీ’ అని రాయడం ఇప్పుడు బాగా తగ్గింది.

చిక్కంతా గొంతు తగ్గించి మాట్లాడే మాటల దగ్గరే. ‘విస్పర్’ అంటే గుసగుసలాడటం, అది సులువు. ‘మటర్’, ‘మంబుల్’ రెండింటికీ గొణగడం అనే చెప్పాను. “ఏంది సార్, రెండూ ఒకటేనా?” అని ఒక పాప అడిగింది. నాకు తెలిసినంతలో ‘మటర్’లో తరచుగా కోపమో అసంతృప్తో ఉంటుంది, ‘మంబుల్’లో మాట నోట్లోనే నలిగిపోయి స్పష్టంగా రాదు. ఇది సరేనా?

సణగడాన్ని ‘గ్రంబుల్’ అనుకోవచ్చా? ఇక అప్పు తీసుకున్న మనిషి ఎప్పుడిస్తావంటే అదీ ఇదీ అంటూ నసుగుతాడు చూడండి, దానికి సరిపోయే మాట నాకు దొరకలేదు. ‘హెజిటేట్’లో వెనకాడటమే ఉంది, ఆ నసుగుడు లేదు. తెలిసినవాళ్లు ఒక్కో ఉదాహరణ వాక్యంతో చెప్పండి, సోమవారం పిల్లలకు చెప్పాలి.