ఆ చిటపట సంగీతంలోదా, రికార్డు మీద గీతదా? ఎలా తేల్చుకోవాలి?

1960ల నాటి ఎలక్ట్రానిక్, అవాంగార్డ్ (ప్రయోగాత్మక) సంగీతం ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులు సేకరిస్తుంటాను. ఫిలిప్స్ వాళ్ళ ‘ప్రాస్పెక్టివ్ 21ఎమ్ సియెక్ల్’ సిరీస్, డాయిచె గ్రామోఫోన్ 1968 నుంచి 1971 వరకు తెచ్చిన ‘అవాంగార్డ్’ బాక్సులు, నన్‌సచ్ 1967లో వేసిన మోర్టన్ సుబోట్నిక్ రికార్డు లాంటివి.

మామూలు పాటల రికార్డైతే కాసేపు వింటే చాలు, గీత పడిందో లేదో తెలిసిపోతుంది. వీటితో అలా కుదరదు. టేపు ముక్కలు కోసి అతికించి, వెనక్కి తిప్పి చేసిన సంగీతం కదా, ఆ చిటపట, ఆ బుసబుస స్వరకర్త కావాలని పెట్టినవే అయ్యుండొచ్చు! అమ్మేవాళ్ళు పంపే ఆడియో క్లిప్ విని డబ్బు కట్టాలంటే టెన్షనే. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు. సరిగ్గా ఆ తేడాతో ‘టక్’ మంటుంటే అది గీతేనని పట్టేస్తున్నాను. మిగతా చప్పుళ్ళకి మీరేం చేస్తారు?

ఇంకోటి. ఫిలిప్స్ సిరీస్ అట్టలు వెండి రేకులా మెరుస్తాయి, వేలిముద్ర పడితే ఒక పట్టాన పోదు. వాటిని దేంతో తుడుస్తారు? పైన వేసే ప్లాస్టిక్ కవరు పీవీసీదైతే పర్వాలేదా, పాలీప్రొపిలీన్‌దే కొనాలా? చివరి గాడి పక్కన ఖాళీలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్ (రికార్డు ఏ అచ్చు నుంచి వచ్చిందో చెప్పే గుర్తు) ఒక్కటి చూసి మొదటి ముద్రణేనని నమ్మొచ్చా, లేబుల్ అంచున ఉండే అక్షరాలు కూడా పోల్చుకోవాలా?