అప్‌డేట్: గంగోత్రి దారిలోని ఖాళీ ఊరు నెలాంగ్

గంగోత్రి దగ్గర 1962 నుంచి మనుషుల్లేని ఊరొకటి ఉందట, కథేంటి, వెళ్లనిస్తారా అని ఇదివరకు అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. వెళ్లొచ్చాం.

నిజానికి ఊళ్లు రెండు, నెలాంగ్, జాడుంగ్. ఉత్తరకాశీ జిల్లాలో జాడ్ గంగ లోయలో, 11 వేల అడుగుల పైన ఉంటాయి. అక్కడివాళ్లు జాడ్ భోటియాలు అనే తెగవాళ్లు. గొర్రెల మందలు, టిబెట్‌తో ఉన్ని, ఉప్పు వ్యాపారం, అదే బతుకు. చైనా యుద్ధం రాగానే ఊళ్లు ఖాళీ చేయించారు. హర్సిల్ పక్కన బగోరీలోనూ, చలికాలానికి కింద డుండాలోనూ స్థిరపడ్డారు. యుద్ధం నెల రోజుల్లో ముగిసింది, ఊరు మాత్రం తిరిగి దక్కలేదు.

అసలు కథ తెలియాలంటే బగోరీలో ఆగాలి. చెక్క ఇళ్ల మధ్య సన్నటి దారి, అరుగు మీద ఉన్ని వడుకుతూ ఒక పెద్దావిడ. "మా అత్తగారిది నెలాంగే" అంటూనే చేతిలోని కదురు ఆపలేదు. బగోరీలో గుడీ ఉంది, బౌద్ధ మందిరమూ ఉంది.

పాత వ్యాపార దారిలో కొండను తొలిచి, చెక్కతో వేసిన గర్తాంగ్ గలీ మెట్లను 2021లో బాగుచేసి తెరిచారు. కిందికి చూస్తే కాళ్లు వణికాయి, అబద్ధమెందుకు! గొర్రెలను ఎలా తోలారో మరి.

నెలాంగ్‌కు 2015 నుంచి పర్యాటకులను పంపుతున్నారు, పర్మిట్ తప్పనిసరి. జాడుంగ్‌లో హోమ్‌స్టేల పని కూడా మొదలైంది.